శుభం కార్డు లేని ఆట

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

కనుమ నాటి రాత్రి డాబా మీద నువ్వడిగినదానికి అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. "అన్నీ చూస్తూనే ఉన్నాను పెదనాన్నా, ఏదీ చూసినట్టే ఉండట్లేదు. సంతోషమన్నది ఎటు పోయిందో తెలియట్లేదు" అన్నావు. ఆ మాట అంటున్నంతసేపూ నీ బొటనవేలు ఫోన్ మీద కదులుతూనే ఉంది. అమీర్‌పేట హాస్టల్లో తెల్లవారుజాము 3 దాకా మేలుకుంటున్నావని మీ అమ్మ చెప్పినప్పుడు నాకు మళ్లీ ఆ వేలే కళ్లముందు మెదిలింది. అందుకే ఈ ఉత్తరం.

సినిమాలు మానెయ్యమని చెప్పడానికి కాదురా. తెనాలిలో 30 ఏళ్లు ప్రొజెక్టర్ నడిపి సంసారం ఈదుకొచ్చినవాణ్ణి, ఆ మాట నా నోట ఎలా వస్తుంది? పిచ్చి మా రోజుల్లోనూ ఉంది. హీరోల కోసం మాటామాటా అనుకుని, పలకరింపులు మానేసిన అన్నదమ్ముల్ని నేనెరుగుదును. కానీ అప్పటికీ ఇప్పటికీ ఒక తేడా ఉంది. అది క్యాబిన్లో కూర్చున్నవాడికి బాగా తెలుస్తుంది.

మా రీలు 1000 అడుగులు. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన 11 నిమిషాలు నడుస్తుంది. 16 రీళ్ల సినిమా అంటే దగ్గర దగ్గర మూడు గంటలు. ఒక ప్రొజెక్టర్ మెషిన్లో రీలు అయిపోవచ్చి రెండో మెషిన్‌కి మార్చే వేళకి తెర మీద కుడివైపు పైమూలన చిన్న చుక్క పడేది. జనం పట్టించుకునేవాళ్లు కాదు, మా కళ్లు మాత్రం దాని మీదే. మొదటి చుక్కకి రెండో మెషిన్ మోటారు వెయ్యాలి, రెండో చుక్కకి బొమ్మ మార్చాలి. సగంలో 'విశ్రాంతి' అని పడేది, చివర్న 'శుభం' పడేది. లైట్లు వేస్తే జనం కళ్లు నులుముకుంటూ లేచేవాళ్లు. రెండో ఆట వదిలాక పక్క ఊళ్లవాళ్లు చీకట్లో నడుచుకుంటూ, ఆ కథే చెప్పుకుంటూ పోయేవాళ్లు. చూసింది ఒంటబట్టేది ఆ నడకలోనే.

నీ ఫోన్లో వచ్చేదాన్నీ రీలనే అంటున్నారు. 2020 జూన్ ఆఖర్లో మన దేశంలో టిక్‌టాక్‌ని నిషేధిస్తే జూలైలోనే ఇన్‌స్టాగ్రామ్‌లో ఇవి మొదలయ్యాయి. వీటికి చుక్క లేదు, విశ్రాంతి లేదు, శుభం లేదు. ఎంత జరిపినా అడుగు తగలని ఆ పద్ధతిని 2006లో తయారుచేసిన అజా రాస్కిన్ అనే ఆయనే, తర్వాత్తర్వాత దానికి నొచ్చుకున్నాడు. చాలని మనిషికి తోచాలంటే ఎక్కడో ఒకచోట గట్టు తగలాలి. ఆ గట్టునే తీసేశారు. కాబట్టి నీకు నిగ్రహం లేదని నిన్ను నువ్వు తిట్టుకోకు నాన్నా. గట్టు నువ్వే కట్టుకోవాలి, అంతే.

ఇది నీకు చెప్పే అర్హత నాకెలా వచ్చిందో కూడా చెబుతాను. థియేటర్‌కి డిజిటల్ వచ్చి నా పని పోయాక, చేతులకి తోచక నేనూ ఫోన్ పట్టుకున్నాను. ఒక రాత్రి మీ పెద్దమ్మకి జ్వరం. నేను పక్క మంచం మీదే, చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఏదో చూస్తున్నాను. తను మంచినీళ్ల కోసం ఎన్నిసార్లు పిలిచిందో నాకు తెలియదు. చివరికి తనే లేచి గోడ పట్టుకుని వంటింట్లోకి వెళ్లి, తిరిగి రాలేక బిందె పక్కనే కూర్చుండిపోయింది. అప్పుడు చూశాను. మీ పెద్దమ్మ ఒక్క మాట అనలేదు. ఆ రాత్రి నేను ఏం చూశానో ఎంత తలుచుకున్నా గుర్తురావడం లేదు. బిందె పక్కన తను కూర్చున్న తీరు మాత్రం మరపురాదు.

ఇక సంతోషం సంగతి. నాకు తెలిసిన సంతోషం ఫిల్మ్ అతికించడంలో ఉండేది. నడుస్తూ నడుస్తూ ఫిల్మ్ తెగేది. కింద ఒకటే ఈలలు, అరుపులు. ఒక కొసన బ్లేడుతో మందుపొర గీకి, ఫిల్మ్ సిమెంట్ రాసి, రెండో కొస చిల్లులు సరిగ్గా కలిసేలా పెట్టి, వేళ్లతో నొక్కిపట్టి పది అంకెలు లెక్కపెట్టేవాణ్ణి. ఆ పది అంకెల్లో ఈలలు వినబడేవి కావు, ఇంటి అప్పు గుర్తొచ్చేది కాదు. ఆ అతుకు మెషిన్ గేటు దాటి, బొమ్మ మళ్లీ తెర మీద నిలబడితే కడుపు నిండినట్టుండేది. మనసంతా ఒక్కచోట పెట్టి ఏ పని చేసినా ఆ నిండుతనం వస్తుంది, నీ కోడింగులో అయినా సరే. వేలు జరుపుతూ ఉంటే అది రాదు. ఎందుకంటే దేని దగ్గరా నువ్వు పది అంకెలు నిలబడటం లేదు.

ఫోన్ తీసే ముందే ఎన్నింటికి పెట్టేస్తావో పైకి అను. మనసులో అనుకుంటే చాలదు, రూమ్మేట్‌కి వినబడాలి. ఆటోప్లే ఆపెయ్యి. సినిమా చూడాలనుంటే వారానికి ఒకటి, తోడుగా ఎవరినైనా తీసుకుని వెళ్లి చూడు. వచ్చేటప్పుడు మెట్రో ఎక్కకుండా రెండు స్టేషన్ల దూరం నడుస్తూ దాని గురించే మాట్లాడుకోండి. హీరోల అభిమానులతో రాత్రిళ్లు తగాదాలు మాత్రం పూర్తిగా మానుకో. అందులో నీకు మిగిలేది ఏమీ లేదు.

మొదటి వారం చెయ్యి లాగుతుంది, ఏమీ తోచదు, దిగులుగా ఉంటుంది. దాన్ని చూసి భయపడి మళ్లీ ఫోన్ తియ్యకు. ఆ దిగుల్లోనే కాసేపు కూర్చో. నాకు పదిహేను రోజులు పట్టింది. ఆ తర్వాత ఒక పొద్దున, పెరట్లో మీ పెద్దమ్మ గోంగూర తుంచుతుంటే ఆ చప్పుడు నాకు వినబడింది.

పచ్చడి సీసాతో పాటు ఒక అలారం గడియారం పంపుతున్నాను. కీ ఇచ్చేది. ఫోన్ని రాత్రిపూట రూమ్మేట్ బల్ల మీద పెట్టి, దీన్ని తలగడ దగ్గర పెట్టుకో. అందగానే ఒక కార్డు ముక్క రాసెయ్యి.

మీ పెదనాన్న