నాన్న కాలు తీయనివ్వడం లేదు, సైకియాట్రిస్టు ఎందుకు?

ప్రశ్న: మా నాన్నగారికి 70 ఏళ్లు. షుగర్ వల్ల కాలి వేళ్లు నల్లబడ్డాయి. కుళ్లు పైకి పాకుతోంది, మోకాలి కింద తీసేయాలంటున్నారు సర్జన్. నాన్న ససేమిరా అంటున్నారు. ఇప్పుడు సైకియాట్రిస్టును పిలుస్తారట. ఆయనకు పిచ్చేం లేదండీ! కొడుకుగా నేను సంతకం పెడితే సరిపోదా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: సరిపోదు. నిర్ణయించుకోగల స్థితిలో ఉన్న పెద్దవారి విషయంలో వారి సమ్మతే చెల్లుతుంది. సమీరా కోహ్లి కేసులో మత్తులో ఉన్న రోగి బదులు తల్లి ఇచ్చిన సమ్మతి చెల్లదని 2008లో సుప్రీంకోర్టు చెప్పింది.

సైకియాట్రిస్టు పిచ్చి ముద్ర వేయడానికి రారు, ఒప్పించడానికీ రారు. (కొందరు సర్జన్లు ఆ రెండో పనికే పిలుస్తారు, అది తప్పు.) ఈ ఆపరేషన్ గురించి ఈ రోజు నిర్ణయించుకునే శక్తి ఉందా అన్నదే చూస్తారు. చెప్పింది అర్థమైందా, అది తనకే జరుగుతోందని నమ్ముతున్నారా, మంచిచెడ్డలు బేరీజు వేయగలరా, తన మాట తేటగా చెప్పగలరా అని అడుగుతారు. "తీయకపోతే పోతానని తెలుసు, అయినా ఒకరి మీద పడి బతకను" అంటే శక్తి ఉన్నట్టే. "వేళ్లకు మసి అంటింది, కడిగితే పోతుంది" అంటే అనుమానించాలి. జబ్బు పేరును బట్టి తేల్చేది కాదిది. 1993లో ఇంగ్లండు బ్రాడ్‌మూర్ ఆసుపత్రిలో స్కిజోఫ్రేనియా అనే మానసిక జబ్బు ఉన్న 68 ఏళ్ల రోగి ఇలాగే కాలు తీయవద్దన్నాడు. తాను గొప్ప డాక్టరునన్న భ్రమ ఉన్నా, అతని నిరాకరణను హైకోర్టు నిలబెట్టింది.

చిక్కంతా రెండుచోట్ల. ఇన్ఫెక్షన్ ముదిరినా, షుగరో సోడియమో పడిపోయినా డెలీరియం, అంటే తాత్కాలికంగా మతి గందరగోళం, వస్తుంది: పొద్దున తేటగా ఉన్న మనిషి సాయంత్రానికి మంచం మీంచి లేచి ఊరికి పోతానంటాడు. నెలల పేర్లు వెనకనుంచి చెప్పమంటే రెండో పేరు దగ్గరే ఆగిపోతాడు. దాని కారణానికి చికిత్స చేసి, మళ్లీ అడగాలి. డిప్రెషన్ ఇంకా కష్టం. మందులు పట్టడానికి వారాలు కావాలి, కుళ్లు అన్నాళ్లు ఆగదు.

శక్తి లేదని తేలినా నిర్ణయం సైకియాట్రిస్టుది కాదు. బాగున్నప్పుడు ఆయన ఏం కోరుకునేవారో మీరు చెప్పాలి, చికిత్స చేసే డాక్టర్లు దాన్నిబట్టి నడవాలి. తగాదా వస్తే, ఇలాంటి చికిత్స నిర్ణయాల్లో సలహా ఇచ్చే క్లినికల్ ఎథిక్స్ కమిటీ ఆసుపత్రిలో ఉందేమో అడగండి. చాలాచోట్ల ఎథిక్స్ కమిటీ అంటే మందుల ప్రయోగాలను చూసేదే, దానితో మీకు పని లేదు.

సైకియాట్రిస్టు వచ్చేసరికి నాన్నగారికి కళ్లజోడు, చెవి మిషన్ పెట్టించండి. నిద్రమాత్రలు, నొప్పి మందుల చీటీ చూపించండి. మాట్లాడేటప్పుడు కాసేపు బయట ఉండండి, మీ ముందు ఆయన నోరు విప్పకపోవచ్చు. ఆయన మాటల్ని ఉన్నదున్నట్టు కేస్‌షీటులో రాయమనండి. కృత్రిమ కాలుతో నడిచే మనిషిని ఒకసారి చూపించమని కూడా అడగండి. చాలామంది భయపడేది కత్తికి కాదు, మంచాన పడతామని.