వాటర్‌కలర్‌కి, యాక్రిలిక్‌కి ఒకే బ్రష్‌లు వద్దు

అక్కా, తిరుపతి వర్క్‌షాప్‌లో వాటర్‌కలర్, యాక్రిలిక్ రెండూ నేర్పిస్తారట, తక్కువ ఖర్చులో ఏమేం కొనాలి, రెండింటికీ అవే బ్రష్‌లు వాడొచ్చా అని అడిగారు కదా.

వాటర్‌కలర్‌కైతే డబ్బు ముందు మంచి కాగితానికి ఖర్చు పెట్టండి. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాముల బరువున్న మందపాటి కాగితం), కోల్డ్ ప్రెస్డ్ (కాస్త గరుకుగా ఉండే) రకం తీసుకోండి. మామూలు డ్రాయింగ్ షీటు తడవగానే ఉబ్బి వంకర్లు పోతుంది, రంగు ఒకచోట మడుగు కడుతుంది. తప్పు మీ చేతిదేమో అనుకుని నిరుత్సాహపడతారు, అదే నా భయం. రంగులు స్టూడెంట్ గ్రేడ్‌వి (నేర్చుకునేవాళ్ల కోసం చేసే చవక రకం) 12 ట్యూబులు చాలు. అందులో బర్న్ట్ సియెన్నా అనే ఎర్రటి గోధుమరంగు ఉందో లేదో చూసుకోండి. శేషాచలం ఎర్రరాళ్లు వేయాలంటే అది లేకుండా నాకైతే చెయ్యి ఆడదు.

యాక్రిలిక్‌కి మాత్రం సింథటిక్ బ్రష్‌లు విడిగా పెట్టుకోండి. వాటర్‌కలర్ ఎండినా నీళ్లు తగిలితే చాలావరకు మళ్లీ కరుగుతుంది. యాక్రిలిక్ ఎండితే ప్లాస్టిక్ పొర అయిపోతుంది, బ్రష్ కుచ్చు గట్టిపడి ఇక పనికిరాదు. మన ఎండలకి పాలెట్ మీదే ఆరిపోతుంది కూడా. కొంచెం కొంచెంగా పిండుకుని, నీళ్ల స్ప్రే సీసా పక్కనే ఉంచుకోండి.

చిన్న కాన్వాస్ బోర్డులు రెండు కొంటే సరి. ఈజల్ (బోర్డు నిలబెట్టే స్టాండు) వర్క్‌షాప్ వాళ్లే ఇస్తారేమో ముందు ఫోన్ చేసి కనుక్కోండి.