ఆ హెలికాప్టరును వెనక్కు తిప్పించు

బెంగళూరు

చి.సౌ. యువ రచయిత్రికి,

ఆశీస్సులు. నీ కథ అందింది, చదివాను. 2015 డిసెంబరు చెన్నై వరదల్లో నీ కథానాయిక హెలికాప్టరు నడుపుతూ, తిరిగి వెళ్లడానికి ఇంధనం చాలదని కో-పైలట్ రెండుసార్లు హెచ్చరించినా వినకుండా, మేడ మీద ఏడుస్తున్న పసిపాపను చూసి, కాక్‌పిట్‌లో అతికించుకున్న తన బిడ్డ ఫొటోను ఒకసారి తడిమి, కిందికి దిగిపోతుంది. పాప బతుకుతుంది, అందరూ ఆమెకు సెల్యూట్ చేస్తారు. ఆ ఘట్టం తెప్పించిన కోపమే ఈ ఉత్తరాన్ని ఇంత త్వరగా రాయిస్తున్నది. లేకపోతే నా దగ్గరికి వచ్చిన రాతప్రతులు నెలల తరబడి అలాగే పడి ఉంటాయని నీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు.

కోపం ఎందుకో చెబుతాను. కెప్టెన్ చేతిలో ఉన్నవి మేడ మీది ప్రాణాలు మాత్రమే కావు, వెనక కూర్చున్న సిబ్బంది ప్రాణాలు, అప్పటికే ఎక్కించుకున్న వాళ్ల ప్రాణాలు కూడా. హెలికాప్టరు గాలిలో ఒకేచోట కదలకుండా నిలబడడానికి ముందుకు ఎగరడానికన్నా ఎక్కువ శక్తి కావాలి. ఆ శక్తి ఎంత మిగిలిందో గాలి వేడిమి, ఎత్తు, మోస్తున్న బరువు కలిసి తేలుస్తాయి గాని పైలట్ మనసు తేల్చదు. ఈ లెక్క తెలిసి కూడా దిగిన మగ కెప్టెన్‌ను నువ్వు దుందుడుకు మనిషి అని రాసి ఉండేదానివి. ఈమె ఆడది కాబట్టి తల్లి అన్నావు. ఏళ్ల తరబడి శిక్షణ పొందిన అధికారి నిర్ణయాన్ని ఆమె బుర్రలోంచి తీసి కన్నపేగుకు అప్పగించావు.

పొగుడుతున్నాననే అనుకున్నావు, నాకు తెలుసు. 2014లో అప్పటి వాయుసేనాధిపతి అరూప్ రాహా, స్త్రీల శరీరతత్వం గంటల తరబడి యుద్ధవిమానం నడపడానికి, ముఖ్యంగా గర్భిణిగా ఉన్నప్పుడు, తగినది కాదని అన్నారు. మరుసటి ఏడాది ఆ తలుపు తెరుస్తున్నామని ప్రకటించిందీ ఆయనే. 2016 జూన్‌లో మన దుండిగల్ అకాడమీ నుంచి అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ యుద్ధవిమాన విభాగంలో చేరారు. శిక్షణకు అంతరాయం రాకుండా కొన్నేళ్లు తల్లులు కావడం వాయిదా వేసుకోమని వాళ్లకు సలహా ఇచ్చినట్టు అప్పుడే పత్రికల్లో వచ్చింది. తిట్టేవాళ్లూ పొగిడేవాళ్లూ కూడా పైలట్ సీట్లో ఆడమనిషి కనిపించగానే ఆమె గర్భం గురించే మాట్లాడతారు. నీ కథ ఆ రెండో జట్టులో చేరింది.

మరొక దోషం. 2015 నాటి కథలో నీ నాయికను యూనిట్‌కు కమాండింగ్ ఆఫీసరును, అంటే మొత్తం యూనిట్‌కు అధిపతిని, చేశావు. అది చిన్న పొరపాటని వదిలేయకు; నీ అసలు కథ అక్కడే జారిపోయింది. 1990లలో విమానాలు నడిపే ఫ్లయింగ్ బ్రాంచిలోకి ఆడవాళ్లను తీసుకున్నది షార్ట్ సర్వీస్ కమిషన్ మీదనే, అంటే కొన్నేళ్ల గడువున్న ఉద్యోగం మీదనే. 1994లో హరితా కౌర్ డియోల్ ఏవ్రో అనే రవాణా విమానాన్ని ఒంటరిగా నడిపినా, 1999 కార్గిల్ యుద్ధంలో గుంజన్ సక్సేనా, శ్రీవిద్యా రాజన్ చీతా హెలికాప్టర్లు నడిపినా, ఒక యూనిట్‌ను ఏలే హోదా అందేటంత సర్వీసు పూర్తికాక ముందే వాళ్ల గడువు ముగిసిపోయే ఏర్పాటది. బిడ్డల్ని కనే వయసు, ఎగిరిన గంటలు కూడబెట్టుకుని పైకి ఎదగవలసిన వయసు, కమిషన్ గడువు, మూడూ అదే పదిపన్నెండేళ్లలో ఇరుక్కున్నాయి. 2010లో ఢిల్లీ హైకోర్టు తీర్పు తరువాతే వాయుసేనలో ఆడవాళ్లకు పర్మనెంట్ కమిషన్, అంటే పదవీ విరమణ వయసు దాకా కొలువు, దారి విశాలమైంది. హెలికాప్టరు పైలట్ షాలిజా ధామి ఫ్లైట్ కమాండరు, అంటే యూనిట్‌లో రెండో స్థానం, అయినది 2019లో. పశ్చిమ సరిహద్దు వైపు ఒక క్షిపణి యూనిట్ బాధ్యత అందుకున్నది 2023లో. బిడ్డ తల్లి అయిన ఆ పైలట్‌కు ఇరవై ఏళ్లు పట్టిన చోటికి నీ నాయికను ఒక్క వాక్యంతో ఎక్కించేశావు. కమాండింగ్ ఆఫీసరు కింద పనిచేసే స్క్వాడ్రన్ లీడర్‌గానే ఉంచు. పై అధికారి ఒప్పుకోని నిర్ణయాన్ని గట్టిగా చెప్పవలసి వచ్చినప్పుడు ఆమె నాయకత్వం ఇంకా బాగా కనిపిస్తుంది.

నీ కథలో నన్ను కదిలించినది ఒకే చోటు: ప్రసవం తరువాత ఆమె తాను ఎగిరిన గంటలు రాసుకునే లాగ్‌బుక్ తెరిచి, ఒక తేదీకీ మరొక తేదీకీ మధ్య ఏమీ లేకపోవడం చూసుకుంటుంది. రెండు వాక్యాల్లో దాటేశావు. అక్కడ పది పేజీలు రాయాలి అమ్మాయీ! గర్భమని తేలగానే ఎగరడం ఆగిపోతుంది. 180 రోజుల ప్రసూతి సెలవు అయిన తరువాత కూడా మెడికల్ బోర్డు సరేననాలి. ఆ పైన పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టుకుని, నడిపి చూపించి, మళ్లీ చెక్ అనే పరీక్ష ఇవ్వాలి. ఆ పక్కన కూర్చునేది నిన్నటిదాకా ఆమె దగ్గర నేర్చుకున్న కుర్రవాడైతే? అతను మర్యాదగా మాట్లాడితే ఆమెకు ఎలా ఉంటుంది, మాట్లాడకపోతే ఎలా ఉంటుంది? మా విమానపుర వైపు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్ ఉంది. తిరుపతిలో పుట్టిన పద్మావతీ బందోపాధ్యాయ్ ఈ వైమానిక వైద్యంలోనే పనిచేసి వాయుసేనలో తొలి మహిళా ఎయిర్ మార్షల్ అయ్యారు. ఆ శాస్త్రం ఏం కొలుస్తుందో, ఎందుకు కొలుస్తుందో చదువు. తాంబరంలో ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్స్ స్కూలుకు కూతవేటు దూరంలో ఉంటూ, శిక్షకుడు ఎలా మాట్లాడతాడో వినకుండా కథ రాశావంటే నాకు ఆశ్చర్యమే.

తల్లితనం సంగతికి వద్దాం. నీ కథలో బిడ్డ ఒక ఫొటో. ఫొటోకు ఆకలి వేయదు, జ్వరం రాదు, వాక్సిన్ వేయించనక్కరలేదు. వరదల్లో తల్లి డ్యూటీలో ఉన్న ఆ రోజుల్లో పిల్ల ఎవరి చేతిలో ఉంది? భర్త వేరే స్టేషనులో ఉన్నాడన్నావు. మరి గుడివాడ నుంచి అమ్మమ్మ వచ్చిందా, వస్తే ఎన్నాళ్లు ఉండగలదు, తాతగారికి వంట ఎవరు చేస్తున్నారు? మీనంబాక్కం విమానాశ్రయం మూతపడి, అరక్కోణం నౌకాదళ స్థావరం నుంచి పౌర విమానాలు నడిచిన రోజులవి. అమ్మమ్మ వెనక్కు వెళ్లాలన్నా దారి లేదు. ఇంత సామగ్రి చేతిలో ఉండగా ఫొటో ఎందుకు?

ఎందుకో నాకు తెలియకపోలేదు. మార్చి నెల ప్రత్యేక సంచికలు మనకు అలవాటు చేసిన రోగమిది. నేను బ్యాంకులో మధ్యాహ్న భోజన విరామాల్లో రాసుకుంటూ ఒక హెలికాప్టరు పైలట్ కథ పూర్తి చేసి పంపితే, ఒక సంపాదకుడు అందులో ఎగిరి వచ్చాక సిబ్బంది కూర్చుని తప్పులు చర్చించుకునే పేజీలన్నీ కొట్టేసి, అత్తగారు హారతి ఇచ్చే దృశ్యం ఒకటి చేర్చమన్నాడు. చేర్చలేదు, కథ తిరిగి వచ్చింది, చాలాకాలం తరువాత మరెక్కడో వెలుగు చూసింది. ఆ మహానుభావుడే ఒక సభలో నన్ను పరిచయం చేస్తూ, ఇంటిపనీ పిల్లలూ చూసుకుంటూ రాస్తారండీ అన్నాడు. నా పక్కన కూర్చున్న ముగ్గురు బిడ్డల తండ్రిని మాత్రం కథకుడు అన్నాడు. స్ఫూర్తి అమ్ముకునే సంపాదకులు ఇప్పటికీ తగ్గలేదు. వాళ్లకు కావలసినట్టు రాస్తే అచ్చవుతుంది, కాదనను.

పుస్తకం ఎవరు వేస్తారు, ముందుమాట రాస్తారా అని అడిగావు. ముందు ఈ కథ తిరగరాయి. కో-పైలట్ హెచ్చరించగానే ఆమెను ఇంధనం గేజి చూడనివ్వు, వెనక్కు తిరగనివ్వు. ఆ మేడ ఎక్కడుందో రేడియోలో మరో హెలికాప్టరుకు చెప్పనివ్వు. సాయంత్రం డీబ్రీఫింగులో, అంటే సిబ్బంది కూర్చుని తప్పొప్పులు చర్చించుకునే చోట, ఎందుకు దిగలేదని ఎవరైనా అడిగితే లెక్క చెప్పనివ్వు. పిల్ల బతికిందో లేదో నీ ఇష్టం. సంక్రాంతి లోపల పంపితే చదువుతాను, ఆ తరువాత నాకు కంటి ఆపరేషను ఉంది. అక్షరాలు కాస్త పెద్దవిగా అచ్చు తీయించి పంపు.

శుభాకాంక్షలతో,
నీ ఉత్తరం అందుకున్న పెద్దమ్మ