పాత జిప్సీకి డీజిల్ ఇంజన్ వేశాక బ్రేక్ పెడల్ రాయిలా గట్టిపడితే

మీ పాత మారుతి జిప్సీకి పెట్రోల్ ఇంజన్ తీసి డీజిల్ వేశాకే బ్రేక్ పెడల్ గట్టిపడిందని, కారణమేమిటని అడిగారు. బూస్టర్‌కు (పెడల్ తొక్కే బలాన్ని పెంచే డబ్బా) వాక్యూమ్ (గాలి పీల్పు) అందడం లేదని నా అనుమానం. డీజిల్ ఇంజన్ మానిఫోల్డ్‌లో (ఇంజన్‌లోకి గాలి వెళ్లే గొట్టాల భాగం) బూస్టర్‌కు సరిపడా వాక్యూమ్ ఉండదు. దానికి విడిగా వాక్యూమ్ పంప్ కావాలి. కొన్ని డీజిల్ ఇంజన్లకు అది ఆల్టర్నేటర్ (బ్యాటరీని ఛార్జ్ చేసేది) వెనకే ఉంటుంది. బూస్టర్ పైపు ఇంకా మానిఫోల్డ్‌కే ఉంటే తప్పు అక్కడే.

1. ఇంజన్ ఆపి పెడల్ ఐదారుసార్లు తొక్కండి. కాలు అలాగే నొక్కిపెట్టి స్టార్ట్ చేయండి. పెడల్ కాస్త కిందికి దిగాలి. దిగకపోతే బూస్టర్ సాయం లేనట్టే.

2. అందరూ వదిలేసేది బూస్టర్ పైపులోని చెక్ వాల్వ్, అంటే గాలిని ఒకవైపే పోనిచ్చేది. దాన్ని పైపుతో సహా విప్పి నోటితో ఊదండి. బూస్టర్ వైపు నుంచి ఊదితే గాలి పోవాలి, పంప్ వైపు నుంచి పోకూడదు. తిరగేసి బిగిస్తే కొత్త బూస్టర్ వేసినా ఫలితం ఉండదు.

3. పైపు మామూలు నీళ్ల గొట్టమైతే మార్చండి. వేడెక్కాక పీల్పుకు లోపలికి అణిగిపోతుంది. వాక్యూమ్ పైపే వేయాలి.

ఇవన్నీ సరిగ్గా ఉంటేనే బూస్టర్ మార్చండి. అప్పటిదాకా దయచేసి బండి రోడ్డెక్కించకండి.