అమెరికాలో ఆఫ్‌రోడ్ కోసం ఫుల్‌సైజ్ పికప్ కొనాలనుకుంటున్నాను. ఏ ట్రక్ తీసుకోవాలి, దానికి ఏమేం బిగించుకోవాలి?

మీ ప్రశ్న కింద రాసిన లిస్టు చదివాను. ట్రక్‌ని నాలుగు అంగుళాలు పైకి లేపే లిఫ్ట్, 37 అంగుళాల టైర్లు, స్టీల్ బంపర్, ఇరుక్కుంటే తాడుతో లాగే వించ్, పైన టెంట్, ముందు లైట్ బార్. ఏ ట్రక్ అన్నది మాత్రం ఇంకా తేల్చుకోలేదన్నారు. సంబంధం కుదరకముందే నగలు చేయించినట్టుంది. ఏమీ అనుకోకండి, నాకు తెలిసినవాళ్లు చాలామంది ఇలాగే మొదలుపెట్టారు.

నా జవాబు ముందే చెప్పేస్తాను. వెనక రెండు చక్రాలకి ఇంజిన్ బలం పంచే డిఫరెన్షియల్‌కి లాకర్, అంటే ఆ రెండూ కలిసే తిరిగేలా కట్టేసేది, కంపెనీ నుంచే బిగించి వచ్చే మోడల్ కొనండి. మంచి ఎల్‌టీ (లైట్ ట్రక్) రకం టైర్లు వేయించండి. గతుకుల్లో, ఇసుకలో టైరు మెత్తబడి పట్టు దొరకాలని గాలి తీస్తాం; అప్పుడు చూసుకోవడానికి ఒక గేజ్, మళ్లీ నింపడానికి ఒక కంప్రెసర్ ట్రక్‌లో పెట్టుకోండి. మిగతా లిస్టంతా ఒక ఏడాది పక్కన పెట్టండి. ఏడాది తిరిగాక అందులో సగం అక్కర్లేదని మీకే అనిపిస్తుంది.

ఇక ఏ ట్రక్ అంటే, మీరు ఎలాంటి చోట్లకి వెళ్తారో రాయలేదు. అసలు తేలాల్సింది అదే. నాలుగు డోర్ల క్రూ క్యాబ్, వెనక సామాను పెట్టే ఐదున్నర అడుగుల బెడ్ ఉన్న ఫోర్డ్ ఎఫ్-150 వీల్‌బేస్, అంటే ముందు వెనక చక్రాల మధ్య దూరం, 145 అంగుళాలు. నాలుగు డోర్ల జీప్ రాంగ్లర్‌ది 118 చిల్లర. ఆ తేడా షోరూమ్‌లో తెలియదు, గట్టెక్కి అవతలకి దిగబోతుంటే ట్రక్ కడుపు రాయి మీద కూర్చున్నప్పుడు తెలుస్తుంది. వెడల్పు కూడా అద్దాలు వదిలేసి 80 అంగుళాలు. యూటాలోని మోయాబ్‌లో ఇరుకు రాళ్ల దారులు, చెట్ల మధ్య ఒరుసుకుంటూ పోయే ట్రెయిల్స్ మీ కోరిక అయితే ఇంకా చిన్న బండి చూసుకోండి. ఎడారి, ఇసుక, ఫారెస్ట్ సర్వీస్ మట్టిరోడ్లు, లోపల ఇంటిల్లిపాదీ, వెనక బోలెడు సామాను అయితే ఫుల్‌సైజ్‌ని మించింది లేదు.

రాళ్ల మీద మెల్లగా పాకడానికి ర్యామ్ 2500 పవర్ వ్యాగన్. ముందూ వెనకా లాకర్లు, మలుపుల్లో ట్రక్ ఒరగకుండా పట్టుకునే, స్విచ్ నొక్కితే విడిపోయే స్వే బార్, 12,000 పౌండ్ల వించ్, అన్నీ ఫ్యాక్టరీ నుంచే వస్తాయి. మైలేజ్ మాత్రం అడగొద్దు. ఎడారిలో వేగంగా దూసుకుపోవాలంటే ఎఫ్-150 రాప్టర్. 2021 మోడల్ నుంచి 37 అంగుళాల టైర్లు కూడా ఆప్షన్‌గా ఇస్తున్నారు, మీ లిఫ్ట్ ఖర్చు మిగిలినట్టే. కానీ మామూలు ఎఫ్-150 కంటే బాగా వెడల్పు, షాపింగ్ మాల్ పార్కింగ్‌లో ఏడుపొస్తుంది. ఈ రెండింటికీ మధ్యలో షెవర్లే సిల్వరాడో జడ్‌ఆర్2 ఉంది, 2022లో వచ్చింది, దానికీ ముందూ వెనకా లాకర్లే. టయోటా తప్ప ఇంకోటి ముట్టనంటే టండ్రా టీఆర్‌డీ ప్రో. నన్నడిగితే ఇవేవీ వద్దు. వెనక లాకర్, మెల్లగా బలంగా పాకడానికి లో గేరు కూడా ఇచ్చే టూ-స్పీడ్ ట్రాన్స్‌ఫర్ కేస్ ఉన్న మామూలు 4x4 ఒకటి, రెండు మూడేళ్లు వాడింది చూసుకోండి. పక్కన అతికించే స్టిక్కర్లకీ సీట్ల మీద కుట్లకీ పోయే డబ్బు టైర్లకి పెట్టొచ్చు.

టయోటా హైలక్స్ పికప్ అమెరికాలో ఎందుకు దొరకదని కూడా అడిగారు. బయటి దేశాల్లో తయారైన తేలిక రకం ట్రక్కుల మీద 1964లో 25 శాతం సుంకం వేశారు. దానికి కారణం కోళ్లు! అమెరికా కోడిమాంసం మీద యూరప్ వాళ్లు పన్ను పెంచారన్న కోపంతో వేసిన సుంకం అది. కోళ్ల గొడవ చల్లారి దశాబ్దాలైంది, ట్రక్కుల మీద సుంకం మాత్రం అలాగే ఉండిపోయింది. నాకు ఒళ్లు మండే విషయాల్లో ఇదొకటి.

లిఫ్టుల మీదా లైట్ల మీదా నాకెందుకింత కోపమో ఇప్పుడు చెప్తాను. కాలిఫోర్నియాలోని డెత్ వ్యాలీ పార్క్‌లో రేస్‌ట్రాక్ అని ఎండిపోయిన చెరువు ఒకటుంది. అక్కడ రాళ్లు వాటంతటవే జరిగినట్టు నేల మీద పొడవాటి గీతలు కనిపిస్తాయి. రాత్రిపూట కట్టిన పల్చటి మంచు పలకలు పగిలి, గాలికి ఆ రాళ్లని నెడతాయని 2014లో శాస్త్రవేత్తలు తేల్చారు. మా పిల్లలు మాత్రం దెయ్యాల మాట మీదే ఉన్నారు. యూబెహీబీ క్రేటర్ దగ్గర తారురోడ్డు అయిపోతుంది. అక్కడి నుంచి 26 మైళ్లు గతుకులు, పదునైన రాళ్లు. ఫోన్ సిగ్నల్ ఉండదు. టైర్లు కోసుకుపోతాయని పార్క్ వాళ్లే హెచ్చరిస్తారు. టో ట్రక్ రావాలంటే వెయ్యి డాలర్ల పైమాటే.

రెండు ట్రక్కుల్లో రెండు కుటుంబాలం బయల్దేరాం. మా ఫ్రెండ్ ట్రక్ అప్పుడే ఒక షాపు నుంచి ముస్తాబై వచ్చింది. లిఫ్ట్, వెనక స్టీల్ బంపర్, పైన ఈ చివర నుంచి ఆ చివరి దాకా లైట్ బార్, నల్లగా నిగనిగలాడే 22 అంగుళాల రిమ్ముల మీద 35 అంగుళాల టైర్లు. లెక్క చూడండి. 35లోంచి 22 తీసేసి సగం చేస్తే రాయికీ రిమ్ముకీ మధ్య ఉన్న రబ్బరు ఆరున్నర అంగుళాలు. అదే 17 అంగుళాల రిమ్ము అయితే తొమ్మిది. తారు అయిపోయిన చోట నేను ఆగి గాలి తీస్తుంటే, "కొత్త టైర్లురా, ఏం కాదు, నువ్వు పద" అన్నాడు.

టీకెటిల్ జంక్షన్ అని ఒక బోర్డు వస్తుంది. వచ్చేపోయేవాళ్లు దానికి కెటిల్స్ వేలాడదీసి పోతుంటారు. అక్కడ ఫోటోలు దిగి, కాస్త ముందుకెళ్లామో లేదో, అద్దంలో అతని ట్రక్ ఆగిపోయి కనిపించింది. వెనక కుడి టైరు పక్కభాగం అరచేయి పొడవున తెగింది. ప్లగ్గులతో పూడ్చే చిల్లు కాదది, లోపలి దారాలు బయటికొచ్చాయి.

"స్టెప్నీ తాళం ఏదిరా?" అన్నాను.

"స్టెప్నీకి తాళం ఉంటుందా?"

ఉంటుంది. బెడ్ కింద వేలాడే స్టెప్నీని ఎవరూ ఎత్తుకుపోకుండా, దాన్ని కిందికి దించే రాడ్ దూర్చే గొట్టానికి చిన్న తాళం పెడతారు. సామానంతా దింపి, సీట్ల కింద వెతికి, చివరికి గ్లవ్ బాక్స్‌లో మాన్యువల్ కవర్లో పట్టుకున్నాం. తాళం తీశాక ఇంకో చిక్కు. షాపువాడు బిగించిన బంపర్‌లో కంత ఒక అంగుళం కిందికి ఉంది, రాడ్ నేరుగా పోదు. అతను ట్రక్ కింద వెల్లకిలా పడుకుని ఫోన్ లైటు పట్టుకుంటే, నేను రాడ్ వంకరగా దూర్చి, పావు చుట్టు తిప్పడం, జారిపోవడం, మళ్లీ దూర్చడం. కేబుల్ దిగుతుంటే దుమ్మంతా అతని కళ్లల్లో. దిగిన స్టెప్నీ చూస్తే, కంపెనీ ఇచ్చిన పాతదే. మిగతా టైర్ల కంటే మూడంగుళాలు చిన్నది. జాకీ కూడా కంపెనీదే, లిఫ్ట్ చేసిన ట్రక్‌కి అందలేదు. కింద మా చెక్క దిమ్మలు పెట్టి ఎలాగో లేపాం.

చిన్న టైరుని వెనక వేస్తే డిఫరెన్షియల్ దెబ్బతింటుంది, ఒకే యాక్సిల్ మీద రెండు సైజులు దానికి పడవు. కాబట్టి ముందు చక్రం ఊడదీసి వెనక్కి, స్టెప్నీ ముందుకి. అంటే మళ్లీ జాకీ, మళ్లీ దిమ్మలు. ముందు చక్రాలకి ఇంజిన్ బలం వెళ్లకుండా, ఫోర్ వీల్ జోలికి పోకుండా టూ వీల్‌లోనే నడపమన్నాను. రాళ్లు చూడకుండానే వెనక్కి తిరిగాం. పిల్లల మొహాలు నేను చూడలేకపోయాను.

చీకటి పడ్డాక అతను లైట్ బార్ వేశాడు. ఆ వెలుగంతా ముందు నా ట్రక్ లేపిన దుమ్ము మీద పడి కళ్లు జిగేలుమనడమే తప్ప దారి కనపడదు. రెండు నిమిషాల్లో ఆర్పేసి మామూలు లైట్లతో వచ్చాడు. అది తర్వాత ఎప్పుడైనా వెలిగించాడా అంటే, పిల్లల పుట్టినరోజు పార్టీలకి.

అందుకే టైర్ల దగ్గర పిసినారితనం వద్దంటాను. 17 లేదా 18 అంగుళాల రిమ్ములు, తారుకీ మట్టికీ పనికొచ్చే ఎల్‌టీ రకం ఆల్ టెరెయిన్ టైర్లు, పక్కభాగం మూడు పొరలది అయితే ఇంకా మంచిది. 33 అంగుళాలు చాలా ట్రక్కుల్లో లిఫ్ట్ లేకుండానే పడతాయి. అంతకు మించి పోతే మైలేజ్ పడిపోతుంది, బ్రేకులకి భారం, గేర్ల పట్టు తగ్గుతుంది, స్పీడోమీటర్ అబద్ధాలు చెబుతుంది. స్టెప్నీ కూడా అదే సైజు ఉండాలి. గాలి విషయానికొస్తే, రోడ్డు మీద 35 పీఎస్‌ఐ ఉంటే గతుకుల్లో 25కి, మెత్తటి ఇసుకలో 15కి అటూ ఇటూ దింపండి. అంతకన్నా దింపితే మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడే ప్రమాదం ఉంది. గాలి తీశాక స్పీడు తగ్గించాలి, తారెక్కగానే నింపాలి. సిగరెట్ సాకెట్‌లో గుచ్చే చవక కంప్రెసర్ ఇంత పెద్ద టైర్లకి పనికిరాదు. ఫ్యూజన్నా పోతుంది, అదన్నా కాలిపోతుంది. నేరుగా బ్యాటరీకి తగిలించేది కొనండి.

ఇప్పుడు ఎవరూ చదవని స్టిక్కర్. డ్రైవర్ డోర్ తెరిస్తే, పక్క స్తంభం మీద టైర్ల ప్రెషర్ రాసి ఉండే పసుపు రంగు చీటీ. మనుషులు, సామాను కలిపి ఇన్ని పౌండ్లు దాటకూడదని అందులో ఉంటుంది. డ్రైవర్ బరువు కూడా అందులోనే. ఆఫ్‌రోడ్ మోడళ్లలో ఈ అంకె మామూలు ట్రక్ కంటే తక్కువే ఉంటుంది. 1,400 పౌండ్లు ఉందనుకోండి. నలుగురు మనుషులు 600. స్టీల్ బంపర్, వించ్ 300. పైన టెంట్ 150. దాన్ని మోసే ర్యాక్ 100. పది గ్యాలన్ల నీళ్లు 83. నిండా సర్దిన ఫ్రిజ్ 80. పనిముట్లు, తాళ్లు, కంప్రెసర్ 80. మొత్తం 1,393. మిగిలిన ఏడు పౌండ్లలో బట్టలన్నీ సర్దుకోవాలి! "గట్టి స్ప్రింగులు వేయిద్దాంలే" అంటారు. స్ప్రింగులు మారిస్తే వెనక భాగం కుంగదు, నిజమే. స్టిక్కర్ మీద అంకె మాత్రం మారదు. యాక్సిళ్లు, బ్రేకులు పాతవే కదా. మీ లిస్టంతా బిగించుకోవాలంటే 2500 సైజు, అంటే బరువు పనులకి చేసే పెద్ద రకం ట్రక్‌లో ఎక్కువ బరువు మోసే మోడల్ కొనాలి, అప్పుడు గతుకుల్లో మీ నడుము సంగతి మీరే చూసుకోవాలి. పవర్ వ్యాగన్ 2500 అయినా మెత్తటి స్ప్రింగుల వల్ల దాని అంకె చిన్నదే.

ఇరుక్కుంటే బయట పడటానికి కావాల్సినవి పెద్ద ఖర్చు కాదు. సాగే రకం కైనెటిక్ తాడు, దాన్ని ట్రక్‌కి తగిలించే మెత్తటి షాకిల్స్ ఒక జత, చక్రాల కింద పెట్టే ట్రాక్షన్ బోర్డులు, పార. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను, ట్రెయిలర్ లాగే హిచ్ బాల్‌కి తాడు తగిలించి ఎప్పుడూ లాగొద్దు, ఎవర్నీ లాగనివ్వొద్దు. అది విరిగితే తుపాకీ గుండే, మనుషులు చచ్చిపోయారు. హిచ్ దూర్చే గొట్టంలో (రిసీవర్) పెట్టే షాకిల్ మౌంట్ దొరుకుతుంది, అది కొనండి. ఫోన్ ఐఫోన్ 14 లేదా ఆ తర్వాతది అయితే సిగ్నల్ లేని చోట సాయం అడిగే శాటిలైట్ ఎస్‌ఓఎస్ ఉంటుంది. లేదంటే గార్మిన్ ఇన్‌రీచ్ లాంటి శాటిలైట్ పరికరం తీసుకోండి. వించ్ కంటే ముందు కొనాల్సింది ఇదే.

లాకర్ గురించి అడుగుతూ "ట్రాక్షన్ కంట్రోల్ ఉందిగా" అన్నారు. ఉంది, పని కూడా చేస్తుంది. కానీ జారిన చక్రం గిర్రున తిరిగాకే అది దానికి బ్రేకు వేస్తుంది, ఈలోపు మీరు ఇసుకలో ఇంకో రెండంగుళాలు దిగుతారు. లాకర్ ముందే వేసుకుని వెళ్తే ఆ గొడవే లేదు. పొడి తారురోడ్డు మీద మాత్రం లాకర్, ఫోర్ హై (నాలుగు చక్రాలూ నడిపే మామూలు గేరు) రెండూ తీసేయాలి.

కొనే ముందు గ్యారేజీ లోతు టేపుతో కొలవండి. ఈ ట్రక్కులు 19 అడుగులు దాటతాయి, తలుపు పడకపోతే వాకిట్లోనే ఉండాలి. అప్పుడు కాలనీ ఇళ్ల యజమానుల సంఘం, హెచ్‌ఓఏ, నుంచి ఉత్తరం వస్తుంది. కొన్ని కాలనీల్లో పికప్‌ని పనివాళ్ల బండి కింద లెక్కేస్తారు, మీ రూల్స్ ముందే చదువుకోండి. మనవాళ్లు ఎలాగూ "ఏంటి, కాంట్రాక్టులు మొదలెట్టావా?" అని అడుగుతారు. ఇల్లు మారేటప్పుడు మాత్రం వాళ్లే ముందు ఫోన్ చేస్తారు.

రంగు కూడా అడిగారు కదా. నలుపు వద్దు. పొదలు గీసిన ప్రతి గీతా దాని మీద కనిపిస్తుంది. తెలుపు తీసుకోండి.