గోదావరి పిల్లలకి తెరచాప పడవ నేర్పాలంటే పడవ ఆఖర్న కొనండి

మీది రాజోలు పక్క ఊరన్నారు. పిల్లలకి తెరచాప పడవలు, కయాక్‌లు (తెడ్డుతో నడిపే సన్న పడవలు) అలవాటు చేయాలనుంది, కానీ ఇది డబ్బున్నోళ్ళ ఆట కదా, ఊరివాళ్ళ సాయంతో అయ్యే పనేనా అని అడిగారు. అవుతుందండి. గోదావరి పాయ వైనతేయ గట్టున మా ఊళ్ళో కొన్నేళ్ళుగా ఈ పనిలోనే ఉన్నాను.

డబ్బు సంగతి ముందు తేల్చేద్దాం. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో సెయిలింగ్‌లో, అంటే తెరచాప పడవల పోటీలో, రజతం తెచ్చిన నేహా ఠాకూర్ ఒక రైతు కూతురు. వాళ్ళ మధ్యప్రదేశ్‌కి సముద్రమే లేదు, భోపాల్ పెద్ద చెరువులో నేర్చుకుంది. పిల్లలు మొదలుపెట్టే ఆప్టిమిస్ట్ పడవ 2.3 మీటర్ల పొడవు, 35 కిలోల బరువు, ఒకటే తెరచాప. స్కూలు వరండాలో పట్టేస్తుంది.

అసలు అడ్డు తల్లుల భయం. 2018లో పశువుల్లంక దగ్గర నాటుపడవ బోల్తా పడి బడి పిల్లలు పోయారు. ఆ మరుసటి ఏడే కచ్చులూరు దగ్గర పర్యాటకుల లాంచీ మునిగింది. గోదావరి గట్టున బతికేవాళ్ళు అవి మర్చిపోరు, మర్చిపొమ్మని మనం చెప్పకూడదు కూడా. అందుకే మేం పడవ మాట ఎత్తకుండా ఈతతో మొదలెట్టాం. తర్వాత నడుం లోతు నీళ్ళలో తల్లుల ఎదురుగానే పడవని కావాలని బోల్తా కొట్టించాం. పిల్లాడు పడవ కిందకి దూరితే అక్కడ తల పట్టేంత గాలి ఉంటుంది, లోపల్నించి "అమ్మా, ఇక్కడున్నా" అని అరుస్తాడు. బయటికొచ్చి, అడుగున ఉండే పలక పట్టుకుని వేలాడితే పడవ దానంతటదే లేస్తుంది. నేను పెట్టిన మీటింగులన్నిటికంటే ఆ ఒక్క కేక ఎక్కువ పని చేసింది.

రేవులో నిలబడే మనిషి ఎవరన్నది కోచ్ ఎవరన్నదానికంటే ముఖ్యం. మాకు దొరికింది ఒక పెద్ద మత్స్యకారుడు, పిల్లలందరికీ తాత. కొబ్బరి మట్టలు ఎటు వాలుతున్నాయో చూసి, తోటల మాటున తెరచాప ఎక్కడ చచ్చుబడుతుందో, తోట తెగిన చోట గాలి ఎలా కొడుతుందో ముందే చెప్పేస్తాడు. నదిలో ఇసుక తవ్విన గోతులు ఎక్కడున్నాయో కూడా ఆయనకే తెలుసు. ఊరికే పిలవకండి, కూలి ఇవ్వండి. మత్స్యకారుల సంఘం మీ పక్కనుంటే సగం పని అయినట్టే.

ఇంకో చిక్కు, నీళ్ళ క్యాలెండరూ బడి క్యాలెండరూ కలవవు. వేసవి సెలవుల్లో పిల్లలు ఖాళీ, సరిగ్గా అప్పుడే కాలువలు కట్టేస్తారు. జూన్‌లో నీళ్ళొదిలాక వెనకే వరదలు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 10 లక్షల క్యూసెక్కులకి మొదటి హెచ్చరిక ఇస్తారు కానీ, మేం అంతదాకా ఆగం, ఎర్రనీరు కనిపించగానే పడవలు గట్టెక్కించేస్తాం. తుపాన్లు తగ్గాక, నవంబరు చివర్నించి మార్చి దాకా ఆదివారాలే మనకి మిగిలేవి. వేసవిలో చెరువులో ఈత నేర్పుకోవచ్చు.

కాలువలో తెరచాప పనికిరాదు, రెండు గట్ల మీదా చెట్లే. పైగా గుర్రపుడెక్క. అక్కడ తెడ్డు ఆటలే నయం. 2025 సంక్రాంతికి ఆత్రేయపురం కాలువలో డ్రాగన్ బోట్ పోటీలు పెట్టారు కదా, అవి చూసొచ్చాకే మా కుర్రాళ్ళకి పౌరుషం పుట్టింది. చాపకి నది కావాలి. రాజోలు దగ్గర వశిష్ఠ పాయలో ఆటుపోట్లు ఉంటాయి కాబట్టి ఆటు టైములో, అంటే నీళ్ళు సముద్రం వైపు లాగేటప్పుడు, చిన్నపిల్లల్ని దింపకండి, తిరిగి రేవుకి రాలేరు.

దాతల విషయంలో మొహమాటపడకండి. పడవ కొనిపెట్టి పేరు రాయించుకునేవాళ్ళు దొరుకుతారు. ఏటా తాళ్ళు, లైఫ్ జాకెట్లు మార్చేవాళ్ళూ, పిల్లలకి టిఫిన్ పెట్టేవాళ్ళూ దొరకరు. నేనైతే విదేశాల్లో ఉన్న మన ఊరివాళ్ళని "పడవ వద్దు బాబూ, మూడేళ్ళ ఖర్చు ఒప్పుకో" అని మొహమ్మీదే అడుగుతాను. డ్వాక్రా సంఘంలో ఇద్దరు ముగ్గురు తల్లులకి టిఫిన్, హాజరు అప్పజెప్పండి. ఆడపిల్లలు మానేయకుండా ఉండేది దానివల్లే. రేవు దగ్గర బట్టలు మార్చుకునే గది లేకపోతే ఎనిమిదో తరగతి దాటిన అమ్మాయి ఒక్కతీ రాదు, చిన్న రేకుల గదైనా వేయించండి.

ఇరిగేషన్ వాళ్ళకి, తహసీల్దారుకి, పోలీసులకి ముందే కాగితం పెట్టండి. జాకెట్లు పిల్లల సైజువే కొనండి. తొడిగి బిగించాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. చెవుల దాకా వచ్చిందంటే ఆ జాకెట్ ఆ పిల్లాడిది కాదు.