రొయ్యల ఆమ్లెట్ నీరు కారకుండా ఉండాలంటే

ఆదివారం బ్రంచ్‌కు వచ్చే అతిథుల కోసం రొయ్యలు, పీత, స్క్విడ్ కలిపి ఆమ్లెట్ చేయాలనుకుంటున్నానని, అందులో ఏ చీజ్ వేస్తే బాగుంటుందో చెప్పమని మీరు అడిగారు. చీజ్ మాట తరువాత చూద్దాం. ఇలాంటి ఆమ్లెట్‌ను చెడగొట్టేది నీరు ఒక్కటేనని నా గట్టి నమ్మకం. ఆ నీటి వల్లే నేను ఒకసారి వియ్యాలవారి ముందు తలదించుకోవలసి వచ్చింది.

మాది విశాఖపట్నం. రెండేళ్ల క్రితం మే నెలలో మా అమ్మాయి అత్తమామలు రాజమండ్రి నుంచి వచ్చినప్పుడు, పొద్దున టిఫిను, మధ్యాహ్నం భోజనం అని రెండు వంటలు దేనికి, పదకొండు గంటలకు ఒకటే బ్రంచ్ పెట్టేద్దామని అమ్మాయి పట్టుబట్టింది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, అంటే 61 రోజుల పాటు, మర పడవలు వేటకు వెళ్లకూడదు కనుక ఆ రోజుల్లో కోరుకున్న సముద్రపు రొయ్య దొరకడం కష్టం. చెరువు రొయ్యలనే సముద్రపువని చెప్పి అంటగట్టేవారితో వాదించే ఓపిక లేక, గడ్డకట్టించిన రొయ్యల ప్యాకెట్టు ఒకటి కొన్నాను. అరకిలో అనుకుని తెచ్చినది మంచు కరిగాక తూస్తే నాలుగు వందల గ్రాములైనా లేదు. ఇలాంటి రొయ్యలకు మంచు పూత పెట్టడమే కాక, నీటిని పట్టి ఉంచేందుకు ఫాస్ఫేట్ లవణాల్లో నానబెట్టడం కూడా ఉంటుందని తరువాత తెలిసింది. రొయ్య ధర పెట్టి నీళ్లు కొన్నానన్న కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు.

ఆ రొయ్యలను పచ్చివి పచ్చివిగానే గిలక్కొట్టిన గుడ్లలో కలిపి పెనం మీద పోశాను. చూడటానికి అట్టు పొంగి ముచ్చటగానే ఉంది కానీ, మా వియ్యంకుడుగారు చెంచాతో మధ్యకు కోయగానే తెల్లని నీరు పళ్లెమంతా పరుచుకుని పక్కనున్న రొట్టె ముక్కలను తడిపేసింది. ఆయన మర్యాదస్థుడు కాబట్టి ‘బాగుంది చెల్లెమ్మా’ అంటూ ఆ తడిసిన రొట్టెనే తిన్నారు. మా వియ్యపురాలు మాత్రం చేయి కడుక్కుని నేరుగా వంటింట్లోకి వచ్చి, ‘వదినగారూ, మిగిలిన రొయ్యలు ఇటివ్వండి’ అని తీసుకుని, వెడల్పాటి మూకుడులో పలచగా పరిచి, ఉప్పు, పసుపు చల్లి పెద్ద మంట పెట్టారు. రెండు నిమిషాలు తిరగకముందే మూకుడు నిండా నీరు ఊరింది. నేనైతే అదంతా ఇగిరేదాకా రొయ్యలను అందులోనే ఉంచి రబ్బరు చేసేదాన్ని. ఆవిడ రొయ్యలను చిల్లుల గరిటెతో పైకి తీసేసి, ఆ నీటిని మాత్రమే రెండు చెంచాలకు వచ్చేదాకా మరిగించి, మళ్లీ రొయ్యలను అందులో వేసి ఒక్కసారి కలిపి దించారు.

రొయ్యల ఇగురు అన్న మాటలోనే ఈ కిటుకు ఉందని నాకు అప్పుడు తట్టింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఇగురు వండుతూ, ఆమ్లెట్ దగ్గరకు వచ్చేసరికి ఇగర్చడం మరిచిపోయాను. గుడ్డు త్వరగా గట్టిపడుతుంది. లోపల రొయ్య వేడికి ముడుచుకుంటూ నీరు వదులుతుంది. ఆ నీటికి బయటకు దారి ఉండదు.

బ్యాంకాక్‌లో జే ఫాయ్‌గా పేరుపడ్డ వంటగత్తె కళ్లకు గాగుల్స్ పెట్టుకుని బొగ్గుల పొయ్యి మీద చేసే పీత ఆమ్లెట్‌ను మీరు వీడియోల్లో చూసే ఉంటారు. మేటి హోటళ్లకు ఇచ్చే మిషెలిన్ స్టార్ గుర్తింపును 2017లో తెచ్చుకున్న ఆవిడ దాన్ని సలసల కాగే నూనెలో వేయిస్తారు కాబట్టి ఆ వేడికి నీరు నిలవదు. తైవాన్‌లో ఆయిస్టర్లు అనే సముద్రపు గుల్లల ఆమ్లెట్‌కు చిలగడదుంప పిండి కలుపుతారు, ఊరిన నీటిని ఆ పిండి పట్టేస్తుంది. ఎవరి ఉపాయం వారిది. మన గ్యాస్ పొయ్యికి, మన పెనానికి మా వియ్యపురాలి పద్ధతే సరైనదని నేను ఎవరితోనైనా వాదిస్తాను.

ఒక్కో ఆమ్లెట్‌కు మూడు గుడ్లు, వంద గ్రాముల ఒలిచిన చిన్న రొయ్యలు చాలు. రొయ్య కొడవలిలా వంగితే ఉడికినట్టు, ఉంగరంలా చుట్టుకుపోతే మించిపోయినట్టు. వాటిని పూర్తిగా చల్లారనిచ్చి, గుడ్డు పైభాగం ఇంకా తడిగా ఉండగా సగం మీద పరిచి, అట్లకాడతో రెండో సగాన్ని మడవాలి, తిరగేయకూడదు. రొయ్యల్లో ఉప్పు ఉంది కనుక గుడ్డులో చిటికెడే వేయండి. ఉల్లిపాయ కూడా నీరు వదిలేదే కాబట్టి విడిగా వేయించుకోండి, టమాటా జోలికి పోవద్దు. పీత మాంసాన్ని ఉడికించి, అరచేతిలో గట్టిగా నొక్కి నీరంతా పిండేసి వేయండి. ఈ ఆదివారం స్క్విడ్ వేయడం మానేయండి, మంట కాస్త ఎక్కువైతే అది తోలులా సాగుతుంది, అతిథుల ముందు ఆ ప్రయోగం వద్దు.

ఇక చీజ్. మా ఇంట్లో ఎన్నడూ వేయలేదు, మీరూ వేయకండి. అంత శ్రమపడి నిలుపుకున్న రొయ్య రుచి దాని కింద నలిగిపోతుంది. ఆ డబ్బుతో మరో పావుకిలో రొయ్యలు కొనండి, గడ్డకట్టించినవి మాత్రం కాదు.